రెండు ఉత్తరాల్లో ఒకే ఎద్దు

ముందుగా కథ ఎక్కడ ఆగిందో ఒకసారి తలచుకుందాం. కార్ఖానా అనే పేటలో దూదేకుల జాన్ బీకి ఇద్దరు కొడుకులు. ఇద్దరూ సిపాయిలే, కాకపోతే చెరొక ఫౌజు. పెద్దవాడు ఖాజావలి నిజాం ఫౌజులో చేరాడు. చిన్నవాడు ఇమాం వలి లడాయి రోజుల్లో మద్రాసు పోయి అక్కడి పటాలంలో చేరాడు. నలభై ఎనిమిది సెప్టెంబరులో చిన్నవాడి వైపుదైన యూనియన్ సైన్యం నిజాం రాజ్యం మీదికి వచ్చింది, అయిదు రోజుల్లో అంతా ముగిసింది, ఖాజావలి తుపాకి కింద పెట్టి లారీ ఎక్కాడు. ఆ లారీ ఎటు పోయిందో ఇంట్లోవాళ్లకు ఎవరూ చెప్పలేదు. రెండు నెలల తర్వాత ఉత్తరాలు రావడం మొదలైంది కానీ వాటి మీద ఊరి పేరు ఉండదు, ఒక నంబరు ఉంటుంది. ఇమాం వలి ఉత్తరాలూ అంతే. పొరపాటున ఊరి పేరు రాసినా దాని మీద నల్ల సిరా పూసి పంపుతారు.

పోయిన వారం జాన్ బీ పెద్దకొడుక్కి జవాబు రాయించింది. "మీ నాయిన బరసీ దగ్గరికొచ్చింది. నువ్వు లేకుంటే ఊదు ఎవలేస్తరు కొడుకా? ఎట్లన్నజేసి రా." ఆ ఇంట్లో ఏటా తండ్రి పోయిన రోజున ఫాతెహా చదివించేటప్పుడు నిప్పుల మీద ఊదు వేయవలసింది పెద్దకొడుకే, ఇంకో చెయ్యి పడకూడదు. రమ్మంటే రావడానికి ఆయన చుట్టాల ఇంటికి పోయాడా అని పెద్దకోడలు హనీఫాకు అప్పుడే అనిపించింది. అత్తగారి మాటకు అడ్డం చెప్పడం ఎందుకని ఊరుకుంది. ఆ ఊరుకోవడం ఎంత దూరం పోయిందో ఈ వారం చూస్తారు.

బరసీ గురువారం. ఆ రోజు పొద్దుటి నుంచీ హనీఫా దూది ఏకుతూనే ఉంది. దూది ఏకే విల్లు పట్టడం ఆ ఇంట్లో మగవాళ్ల పని. ఖాజావలి జీతం ఆగిపోయింది, మగవాళ్లు లేరు కాబట్టి రెండున్నర నెలలుగా ఆమె పని. ముక్కులో దూది, రెప్పల మీద దూది, అన్నంలో దూది. కుడి భుజం మూడు రోజులుగా పైకి లేవడం లేదు, లేపితే దిగడం లేదు. ఏకిన దూదిని బొంతలుగా కుడితే గుత్తేదారు తరఫున జంగయ్య బండి కట్టుకొని వచ్చి తీసుకుపోతాడు. చలి ముదిరింది, ఫౌజు క్యాంపులకు ఎన్ని బొంతలైనా చాలడం లేదు. అలసిపోయానని చెప్పుకోవడానికి కూడా హనీఫాకు తీరిక లేదు.

ఖాజావలి ఉత్తరం సోమవారమే వచ్చింది. అతను ఉర్దూలో రాస్తాడు. పక్కింటి వడ్రంగి వడ్ల బ్రహ్మచారి చిన్నప్పుడు ఉర్దూ బడిలో చదివినవాడు కాబట్టి చూసి తెలుగులో చెప్తాడు. హనీఫాకు ఏ అక్షరమూ రాదు. కానీ ఒకసారి విన్న ఉత్తరం ఆమెకు పొల్లు పోకుండా గుర్తుంటుంది. విల్లు కొడుతూ దాన్నే మనసులో చదువుకుంటోంది.

"అమ్మకు సలాం. నేను ఖైరియత్, బాగనే ఉన్న. పొద్దున గంట కొడతరు, లేచి వరసల నిలబడతం. లెక్క జూస్తరు. లెక్క తప్పుతది, మళ్ల జూస్తరు. ఎండెక్కేదాక నిలబడుడే. తర్వాత చాయ్ పేరు మీద ఎర్రనీళ్లు. ఇగ పొద్దుగూకేదాక పనిలేదు. పన్నెండేండ్లు ఫౌజుల పని ఎక్కువైందని ఏడ్సినోణ్ణి, ఇప్పుడు పని లేక అలసిపోతున్న. మీసాలొచ్చిన మొగోళ్లు గోళీలాడుతున్నరు. నేను అంగీ గుండీలు తెంపి మళ్ల కుట్టుకుంటున్న. మొన్న బొంతలొచ్చినయి. బండి గేటు కాడికి రాంగనే తెల్లెద్దు కూలబడ్డది. తోక మెలేసిండ్రు, నీళ్లు జల్లిండ్రు, లేవలే. మేమంత ముండ్లతీగె కంచె కాడికి ఉరికొచ్చి జూసినం. ఇన్ని దినాలల్ల నవ్వింది గదొక్కపారే. నాకొచ్చిన బొంత మూలకు జూస్తే కోడికాలు కుట్టు. హనీఫాకు చెప్పు, గప్పటి సంది నాకు చలి పెడ్తలేదని. వంటకాడ కట్టెల కుప్ప ఉన్నది. దాని ఎనక తీగె కిందికెల్లి ఒక మేక రోజు వస్తది, పోతది. దాన్ని ఎవ్వలు లెక్కబెట్టరు. అమ్మా, నాయిన బరసీకి ఊదు నా చేతులతోనే పడతది. నువ్వు ఫికర్ చెయ్యకు."

బొంత మూల మూడు పొడుగు కుట్లు కోడికాలి వేళ్లలా విడదీసి వేయడం జాన్ బీ ఇంటి గుర్తు. ఇంకెవరూ అలా కుట్టరు. సోమవారం ఆ మాట వినగానే హనీఫా పరుగున పోయి జంగయ్యను అడిగింది. "బొల్లారం క్యాంపు గేటు కాడ్నే గద నా ఎద్దు కూలబడ్డది. నా ఇజ్జతంత పోయింది," అన్నాడతను. అంటే మొగుడు ఉన్నది ఆరు మైళ్ల దూరంలో. రెండున్నర నెలలు ఏ ఢిల్లీకో తీసుకుపోయారని ఏడ్చింది ఆరు మైళ్లకన్నమాట. చూసి వద్దామంటే ఖైదీల ఇంటోళ్లను రానియ్యరని జంగయ్యే చెప్పాడు. జాన్ బీ మాత్రం కొడుకును విడిచిపెడుతున్నారని తీర్మానించుకుని నిప్పులు పోసే ఊదుదానిని తోమి పెట్టుకుంది. ఊదు తనే వేస్తానన్నాడంటే ఇంకేం కావాలి?

గురువారం మధ్యాహ్నం పోస్టు వచ్చింది. ఈసారి ఇమాం వలి రాసినది. పటాలంలో నేర్చుకున్న తెలుగు అక్షరాలు, ఒక్కొక్కటీ ఒక్కో దిక్కుకు పోతుంటాయి. బ్రహ్మచారి రంపం పక్కన పెట్టి, చేతులకు పొట్టు దులుపుకొని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"చదువు చారన్నా," అంది జాన్ బీ.

"అమ్మకు సలాం. నేను బాగున్న. నాలుగున్నరకే లేపుతరు. బూట్లకు పాలిష్, బెల్టుకు పాలిష్, చెట్ల మొదళ్లకు సున్నం. ఈడ ఏది కదలకుంట నిలబడ్డా దానికి సున్నమేస్తరు. డ్యూటీ అంటే తీగె బయట నడుసుడు. అటు నూరడుగులు, ఇటు నూరడుగులు. లోపలోళ్లు కూసుంటరు, నేను నడుస్త. ఖైదీలు ఎవలో ఒక్కోపారి నాకు సమజ్ గాదు. నిద్ర సాలదమ్మా. నడుసుకుంటనే నిద్రబోతున్న. మొన్న గేటు కాడ బొంతల బండి తెల్లెద్దు కూలబడ్డది. మా హవల్దారు దాని చెవుల ఏదో బతిలాడిండు, ఐనా లేవలే. లోపలోళ్లు నవ్విండ్రు, బయటోళ్లం మేం సుత నవ్వినం…"

హనీఫా చేతిలో విల్లు ఆగిపోయింది. బ్రహ్మచారి ఆగలేదు. పాపం, చదివేవాడికి ఉత్తరం కళ్ల ముందు ఉన్నంతసేపే, మడిచి ఇచ్చేస్తే మరిచిపోతాడు.

"…వారం కింద వంటకాడి కట్టెల కుప్ప ఎనకకెల్లి ఒకడు పారిపోయిండు. గాడ కాపలున్న సిపాయిని కొట్ల ఏసి తాళం పెట్టిండ్రు. తీగె బిగించే సామాను ఇంక రాలే, అందుకని మనిషిని పెడ్తున్నరు. హుకుం గట్టిగైంది. ఒక్కపారి ఆగుమనాలె, ఆగకుంటే కాల్చాలె. గురువారం సంది పొద్దుగూకే యాళ్ల ఆ దిక్కు డ్యూటీ నాది. ఐదేండ్ల నౌకరీల లడాయి గిట్ల చూసిన గని, ఎదురుంగ నిలబడ్డ మనిషిని ఇప్పటిదాక కాల్చలే. దువా చెయ్యమ్మా. ఇంట్ల అందర్ని అడిగిన్నని చెప్పు."

ఇంట్లో అందరూ అంటాడు తప్ప అన్న అని రాయడు. పోయిన ఏడు సెలవు మీద వచ్చినప్పుడు ఇద్దరూ ఇదే అరుగు మీద మాటా మాటా అనుకున్నారు. "నీ ఫౌజు మా మీదికొచ్చిన్నాడు నువ్వు నాకు ఏం గావు. ఇయ్యాల్టి సంది నన్ను అన్నా అని పిలవకు," అన్నాడు ఖాజావలి. ఇమాం వలి కంచంలో అన్నం పూర్తిగా తిని, చెయ్యి కడుక్కొని, ఆ సాయంత్రమే రైలెక్కాడు. పెద్దవాడి ఆజ్ఞను అంత బుద్ధిగా పాటించిన తమ్ముణ్ణి మీరెక్కడా చూసి ఉండరు.

"చారి మామా, ఎద్దు ముచ్చట మళ్లొకసారి చదువు," అంది హనీఫా.

ఆయన చదివాడు. ఈసారి చదువుతూనే ఆయన గొంతు తగ్గిపోయింది.

"తెల్లెద్దు," అన్నాడు. "గదే ఎద్దా బిడ్డా?"

"బొంతల బండి. గేటు కాడ. ఇంకెన్ని ఎద్దులు కూలబడతయి మామా? ఆయన తీగె లోపట నిలబడి చూసిండు. ఇమాం బయట నిలబడి చూసిండు."

జాన్ బీ ముఖం ఒక్కసారిగా విప్పారింది. ఆమెను తప్పు పట్టకండి, ఏ తల్లికైనా ముందు అదే తోస్తుంది. "నా ఇద్దరు కొడుకులు ఒక్క తాన్నే ఉన్నరా? ఒకని కండ్ల ముందట ఒకడు ఉన్నడా? యా అల్లా, ఇంక నాకేం గావాలె."

హనీఫాకు ఆమెను చూస్తే జాలి వేసింది. జాలితో పాటు కోపమూ వచ్చింది. రెండున్నర నెలల అలసట మీద వచ్చిన కోపం, దాచుకునే ఓపిక లేదు.

"అత్తా, ఆయనను ఇడిసిపెడ్తున్నమని ఎవలన్నరు? ఆయన రాసిండా?"

"ఊదు నేనే ఏస్తనన్నడుగద."

"ఏస్తనన్నడు. ఇడిసిపెట్టిండ్రని అనలే. కట్టెల కుప్ప ఎనక మేక వస్తది పోతదని రాసిండు. ఉత్తరాలు జూసి నల్ల సిరా పూసే దొరకు మేక ముచ్చటే అనిపించింది. మనకు సుత గట్లనే అనిపించింది. ఇయ్యాల బరసీ. పొద్దుగూకంగనే ఆయన ఆ మేక తొవ్వ పడతడు. ఆడ తుపాకి పట్టుకొని నిలబడేది నీ చిన్నకొడుకు."

జాన్ బీ ఒళ్లో పెట్టుకున్న ఊదుదానిని పక్కకు జరిపింది.

"నువ్వే రమ్మన్నవత్తా. ఎట్లన్నజేసి రమ్మన్నవు."

"అందరు తల్లులు గట్లనే అంటరు," అంది జాన్ బీ చివరికి. "రమ్మంటే వస్తరా ఎవలన్న?"

"నీ కొడుకు వస్తడు."

ఆ మాట తర్వాత ముసలామె గోడకు ఆనుకొని కళ్లు మూసుకుంది. ఏడవలేదు. పెద్దకొడుకు సంగతి ఆమెకు తెలుసు. చిన్నప్పుడు ఎండలో నిలబడమంటే మళ్లీ పిలిచేదాకా నిలబడిన పిల్లవాడు.

బ్రహ్మచారి ఉత్తరం మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. "ఉత్తరం రాసి లాభం లేదు. ఆరు మైళ్లు పోనీకి దానికి నాలుగు దినాలు. మనిషి పోవాలె."

"నేను పోత," అంటూ జాన్ బీ లేవబోయింది. మోకాళ్లు ఒప్పుకోలేదు.

"నేను పోత," అంది హనీఫా.

"పోయి ఎవల పేరు చెప్తవు బిడ్డా?" అన్నాడు బ్రహ్మచారి. అదీ ఆయన అనుభవం. "ఖాజా పేరు చెప్పినవనుకో, ఖైదీ పెండ్లాం సరిగ్గ ఇయ్యాల్నే ఎందుకొచ్చిందని అడుగుతరు. ఆయన మీద కన్నేస్తరు. ఇమాం పేరు చెప్పు. తమ సిపాయి ఇంటోళ్లొస్తే కూసోమంటరు, నీళ్లిస్తరు. వాని చెవుల ఒక్కమాట ఏస్తే సాలు, వాడే సంభాళిస్తడు."

"ఇమాం వాళ్లన్న నిజాం ఫౌజోడని వాళ్లకు తెల్వదు మామా. తెలిస్తే వాని నౌకరీ ఏమైతది?"

"తెల్వనియ్యకు."

ఇంతకన్నా తెలివైన సలహా ఆ పూట కార్ఖానా మొత్తం వెతికినా దొరికేది కాదు. హనీఫా ఒప్పుకుంది.

జంగయ్య బండి మధ్యాహ్నం నమాజు దాటాక కదిలింది. బొంతల మీద హనీఫా కూర్చుంది. తిరుమలగిరి దాటేదాకా ఆమె చూపు తెల్లెద్దు వీపు మీదే ఉంది.

"కూలబడదు గద జంగన్నా?"

"దాని మనసు దానిది చెల్లె. నా పెండ్లాం మాట సుత గింతే."

"జెర తొందరగ తోలు."

"తొందర పెడితేనే కూసుంటది."

చెప్పినట్టే లోతుకుంట దాటగానే అది రోడ్డు మధ్యలో ముందుకాళ్లు మడిచి, తర్వాత వెనకకాళ్లు మడిచి, కళ్లు సగం మూసి నెమరు వేయడం మొదలుపెట్టింది. దానికేమీ తక్లీఫ్ లేదు. లోకంలో అలిసిపోయినప్పుడు కూర్చోగలిగే భాగ్యం దానికొక్కదానికే ఉన్నట్టుంది. హనీఫా ఒక నిమిషం చూసింది. జంగయ్య తోక పట్టుకున్నాడు. ఎండ అప్పటికే పసుపు రంగుకు తిరిగింది. ఆమె బండి దిగి, ఒక బొంత చుట్ట చుట్టి నెత్తి మీద పెట్టుకొని నడవడం మొదలుపెట్టింది. ఉత్త చేతులతో పోయే ఆడదాన్ని గేటు దగ్గర ఆపుతారు, బొంత ఉంటే కాసేపైనా మాట్లాడనిస్తారు అని ఆమె లెక్క.

దారి పొడుగునా మరిదితో చెప్పవలసిన మాట పెదవుల మీద తిప్పుకుంది. మీ అన్న వస్తాడు, కాల్చకు. అంతే. నాలుగు మాటలు. వాటికోసం ఇంత నడవాలా అనిపించింది, కాళ్లు అంత బరువెక్కాయి. ఆయన మీద కోపం వచ్చింది, తల్లి రమ్మంటే వచ్చే మనిషి పెళ్లాం పిలిస్తే ఎప్పుడైనా వచ్చాడా అని. మరుక్షణం కోడికాలు కుట్టు గుర్తొచ్చి కళ్లు నిండాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

గేటు దగ్గరికి చేరేసరికి సూర్యుడు చెట్ల కిందికి దిగిపోయాడు. ఉత్తరాల్లో విన్నదంతా అక్కడ ఉంది. చెట్ల మొదళ్లకు సున్నం ఉంది. తీగె ఉంది. తీగె లోపల వంటశాల పొగ, దాని పక్కన కట్టెల కుప్ప. కుప్ప వెనక వైపు గేటుకు కనబడదు.

గేటు దగ్గర ముక్కాలిపీట మీద ఒక హవల్దారు కూర్చున్నాడు. నడివయసు మనిషి, కళ్ల కింద సంచులు, మాట కోస్తా వైపుది.

"ఆగమ్మా. ఎవరు నువ్వు? బొంతల బండి ఏదీ?"

"లోతుకుంట కాడ ఎద్దు కూలబడ్డది దొరా."

హవల్దారు నవ్వాడు. "మళ్లీనా? ఆ ఎద్దుకి మా కంటే సుఖం తెలుసు. బొంత అక్కడ పెట్టి వెళ్లు."

"నేను మా ఇమాం వలిని చూడనీకి వచ్చిన."

హవల్దారు ముఖంలో మర్యాద వచ్చింది. బ్రహ్మచారి చెప్పినట్టే కూర్చోమన్నాడు, కుండలో నీళ్లు ముంచి ఇచ్చాడు. తన పేరు సోమయ్య అని, ఇమాం వలి తన సెక్షన్‌లోనే ఉన్నాడని, బంగారం లాంటి మనిషని, కాకపోతే ఈమధ్య నిద్ర లేక సగమైపోయాడని చెప్పాడు. "వాళ్లది ఈ ఊరు దగ్గరేనని ఒక్కరోజైనా నోరు విప్పలేదు చూడు. నువ్వేమవుతావమ్మా వాడికి?"

"వదినెను."

"వదినంటే అన్నగారి భార్యవా? వాడికి అన్న ఉన్నాడా? అదీ చెప్పలేదే. ఏం చేస్తాడు మీ ఆయన?"

అడుగుతాడని ఆమె అనుకోలేదు. ఆరు మైళ్లలో ఈ ఒక్క ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోలేదు.

"దూదేకుతడు," అంది.

"మంచి పని. తుపాకీ కంటే మంచిది. డ్యూటీ దిగాక మాట్లాడుదువుగాని, గంటన్నర పడుతుంది. కట్టెల వైపు ఉన్నాడు. ఎవరూ పోనన్న చోటు అది, పోయిన వారం తనే అడిగి తీసుకున్నాడు. నాకెందుకో అర్థం కాలేదు."

హనీఫా లోటా కింద పెట్టింది. తనే అడిగి తీసుకున్నాడా? అంటే మరిదికి ముందే తెలుసా? ఏమని తెలుసు?

"ఇప్పుడే పిలువున్రి దొరా. ఒక్క మాట. జరూరు మాట."

"డ్యూటీ మీద ఉన్నవాణ్ణి పిలవకూడదమ్మా." ఆయన ఆమె ముఖం చూశాడు. "ఎవరైనా పోయారా?"

"ఇంకా లేదు," అంది హనీఫా.

ఆ జవాబుకు ఆయన పీట మీది నుంచి లేచాడు. ఏమిటని అడగబోయి, అడగకుండా, సరే పద అన్నట్టు చెయ్యి ఊపాడు. రెండడుగులు వేశాడో లేదో లోపల సాయంత్రం లెక్కకు గంట మోగింది. ఖైదీలు బద్ధకంగా లేచి వరసల్లోకి పోతున్నారు. అందరి భుజాల మీద బొంతలే, ఎవరు ఎవరో ఆమెకు తెలియలేదు.

గంట ఆగింది. అప్పుడు కట్టెల కుప్ప వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. ఆ క్యాంపులో కాపలా సిపాయిలందరూ ఆగమనడానికి 'థం' అని అరుస్తారు, అదే హుకుం, ఇంకో మాట లేదు. ఈ గొంతు అరవలేదు. ఇంట్లో పిలిచినట్టు పిలిచింది.

"అన్నా. ఆగు."

ఏడాదికి పైగా ఆ నోట రాని మాట. హనీఫా చంకలో పెట్టుకున్న బొంత ఎప్పుడు జారిందో ఆమెకు తెలియదు. కుప్ప పక్క నుంచి ఒక మేక బయటికి వచ్చింది, అటూ ఇటూ చూసి, తనను ఎవరూ లెక్కపెట్టరని తెలిసినట్టు తాపీగా వెళ్లిపోయింది. దాని వెనక ఎవరూ రాలేదు. ఇంకో మాటా వినబడలేదు. ఒక్కసారే పిలవాలని హుకుం, ఆ ఒక్కసారీ అయిపోయింది.

హవల్దారు సోమయ్య భుజం మీది తుపాకి చేతిలోకి తీసుకున్నాడు. కట్టెల కుప్ప వైపు చూశాడు, తర్వాత మెల్లగా ఆమె వైపు తిరిగాడు. నీళ్లిచ్చిన మనిషి ముఖం కాదది.

"ఇమాం వలి అన్న దూదేకుతాడన్నావు కదమ్మా," అన్నాడు. "ఎక్కడ?"